వలయంలో అతుకు

శనివారం పొద్దున్న టీ తాగి, ఖాళీ గ్లాసు బల్ల మీద పెట్టి, వెల్డింగు మేస్త్రీ తన తల్లి చేతికి కొత్త ఇనుప రింగు ఇచ్చాడు. ఆవిడ దాన్ని ఒళ్ళో పెట్టుకుని చూపుడువేలితో చుట్టూ తడమడం మొదలుపెట్టింది. చూపు పోయి నాలుగేళ్ళయింది. అప్పటినుంచీ ఆవిడ కళ్ళన్నీ వేళ్ళలోనే.

వేలు సగం దూరం కూడా పోకముందే ఆగింది.

"ఇక్కడుందిరా మొదలు," అంది.

"ఏం మొదలమ్మా?"

"అతుకు. గరుగ్గా తగులుతోంది. మొదలు దొరికిందంటే చివర కూడా దొరికినట్టే. ఇది పనికిరాదు."

"పైన ఇంతేసి ఆకులు కట్టేస్తావు. కనబడి చస్తుందా?"

"కనబడ్డం గురించి గుడ్డిదానితో మాట్లాడతావేంరా," అని నవ్వి, రింగు తిరిగి ఇచ్చేసింది.

వీధిలో అందరికీ ఆవిడ టీచరమ్మ. బడిలో చెప్పింది లేదు గానీ, ముప్పై ఏళ్ళు చర్చిలో సండే స్కూలు పిల్లలకు పాఠాలు చెప్పింది. క్రిస్మసుకి నాలుగు ఆదివారాల ముందు ఇంట్లో వలయం కట్టడం ఆవిడ అలవాటు. ఇనుప రింగుకి ఎప్పుడూ ఆకు రాల్చని చెట్టు కొమ్మలు కట్టి, మధ్యమధ్య ముళ్ళ అంచుల ఆకులూ ఎర్రటి పళ్ళూ గుచ్చి, నాలుగు కొవ్వొత్తులు నిలబెట్టేది. కడుతూ ప్రతి ఏడూ అవే మాటలు చెప్పేది. ఇంట్లో వాళ్ళకి అవి కంఠతా వచ్చేశాయి.

కాలేజీకి జడ వేసుకుంటున్న చిన్నకూతురు అందుకుంది. "గుండ్రంగా ఎందుకుంది పిల్లలూ? దేవుని ప్రేమకు ఆది లేదు, అంతం లేదు గనక! ఆకు ఎందుకు వాడదు పిల్లలూ? నిత్యజీవం గనక! ముళ్ళేమిటి పిల్లలూ? ప్రభువు తలమీది కిరీటం! ఎర్ర పళ్ళేమిటి పిల్లలూ?"

"వెక్కిరించకే. ఎర్ర పళ్ళేమిటో అదీ చెప్పు."

"ఆయన రక్తం," అంది చిన్నది, గొంతు కాస్త తగ్గించి. "నానమ్మా, పాత రింగుకి ఏమైంది? దానికి అతుకు ఉండేది కాదుగా."

పొయ్యి దగ్గర మేస్త్రీ భార్య చేతిలో గరిటె ఆగింది.

"పాత సామాన్లలో ఎక్కడో పోయింది," అన్నాడు మేస్త్రీ. ఇనుప రింగు భుజానికి తగిలించుకుని షెడ్డు వైపు నడిచాడు.

పోలేదు. తనే పాత ఇనుము బండివాడికి అమ్మేశాడు. పెద్దకూతురు ఇల్లు వదిలి వెళ్ళిన వారానికే. ఆ రింగుని ఆ పిల్లే తన పద్నాలుగో ఏట అతికింది. మొదటిసారి గ్లౌజులు తొడుక్కుని, కళ్ళకి నల్లద్దం అడ్డం పట్టుకుని, మధ్యాహ్నమంతా కూర్చుని. అతికాక గ్రైండరు పెట్టి, ఆకురాయితో రుద్ది, గుడ్డతో తుడిచి నానమ్మ చేతిలో పెట్టింది. అప్పటికింకా చూపున్న నానమ్మ, కళ్ళు మూసుకుని మూడుసార్లు చుట్టూ తడిమి, "మొదలేదే పిల్లా?" అంది. ఆ పిల్ల నవ్విన నవ్వు ఇప్పటికీ షెడ్డు రేకుల్లో ఎక్కడో ఇరుక్కుని ఉన్నట్టు ఉంటుంది అతనికి.

షెడ్డులో మేకుకి ఆ గ్లౌజులు వేలాడుతున్నాయి. రెండేళ్ళు కావస్తోంది. తీసి పారెయ్యాలని చాలాసార్లు చెయ్యి చాపాడు. చెయ్యి మాట వినలేదు.

జరిగింది ఇదీ. పై వీధిలో మందుల షాపాయన ఇంటి మెట్లకి రెయిలింగు చేశాడు మేస్త్రీ. చువ్వల్ని కింది పట్టీకి ముందు వైపు బాగానే అతికి, వెనక వైపు ఊరికే చుక్కల్లా రెండేసి టాకాలు వేసి నిలబెట్టాడు. భోజనం చేసి వచ్చి పూర్తిచేద్దామనుకున్నాడు. ఇంతలో కొత్తగా కడుతున్న ఆసుపత్రి గేట్ల పని గురించి కబురు వచ్చింది. పరుగెత్తాడు. సాయంత్రం తిరిగొచ్చేసరికి పెద్దకూతురు రంగు డబ్బా తెరిచి పట్టుకుని నిలబడి ఉంది. "వెనక అతుకులు అయిపోయాయా నాన్నా?" అని అడిగింది. అతను తల కూడా ఎత్తకుండా "అయ్యాయి, వేసెయ్" అన్నాడు.

అడిగింది. అదే అతని గొంతులో ముల్లు. ఆ పిల్ల అడిగింది.

నాలుగు నెలలకి మందుల షాపాయన ఆ రెయిలింగు మీద చెయ్యేసి దిగుతుంటే అది ఊడి వచ్చింది. ఆయన మెట్ల మీదనుంచి పడి మోచెయ్యి విరగ్గొట్టుకున్నాడు. కట్టు కట్టుకుని, నలుగురిని వెంటేసుకుని షెడ్డుకి వచ్చాడు. ఆ నలుగురిలో ఆసుపత్రి కట్టిస్తున్న ఇంజినీరు కూడా ఉన్నాడు. చేతికొచ్చిన గేట్ల పని జారిపోతుందని మేస్త్రీకి కళ్ళకు కట్టింది. అప్పుడు అతని నోట్లోంచి ఒక మాట వచ్చింది.

"ఆ చివరి పనంతా మా అమ్మాయి చేసిందండీ. ఆడపిల్ల చేతికిచ్చాను చూశారూ, నాదే తప్పు."

నాదే తప్పు. ఆ మాటతోనే తప్పు కూతురి నెత్తిన పెట్టాడు. వచ్చినవాళ్ళు జాలిగా తల ఊపారు. పెద్దకూతురు అతని మొహం వంకే చూసింది. తిట్టినా బాగుండేది, అరిచినా బాగుండేది. ఊరికే చూసింది, ఇంకో మాట ఏదో రావాలి అన్నట్టు. అతను కటింగు మిషను వైపు తిరిగి దాని వైరు సర్దాడు. పిల్ల గ్లౌజులు విప్పి మేకుకి తగిలించింది. నాలుగో రోజున వేరే ఊళ్ళో బస్సుల బాడీలు కట్టే చోట పని చూసుకుని వెళ్ళిపోయింది.

ఇంట్లో వాళ్ళకి తెలిసింది ఒకటే: పిల్ల పని చెడగొట్టింది, తండ్రి నలుగురిలో మాట అన్నాడు, పిల్ల పౌరుషానికి పోయి వెళ్ళిపోయింది.

పోయినేడు ఈ రోజుల్లో టీచరమ్మ తుంటి విరిగి ఆసుపత్రిలో ఉంది, వలయం ఊసే రాలేదు. ఈ ఏడు వచ్చింది. మేస్త్రీ ఆ శనివారం అతుకు మీద గ్రైండరు ఆడించి మళ్ళీ పట్టుకెళ్ళాడు. "పైన నున్నగా ఉంది, లోపలి వైపు వదిలేశావు," అంది ఆవిడ. మరుసటివారం మరొకటి చేశాడు. "ఇక్కడ కాస్త పల్లమైంది," అంది. ఆదివారాలు ఆగవు గనక, మొదటి రెండు కొవ్వొత్తుల్నీ స్టీలు పళ్ళెంలోనే వెలిగించారు.

రెండో ఆదివారం చిన్నకూతురు అగ్గిపుల్ల గీస్తూ అడిగింది. "అన్నీ ఊదా రంగువి, మూడోది మాత్రం గులాబీ రంగుది ఎందుకు నానమ్మా? ఇది నువ్వెప్పుడూ సరిగ్గా చెప్పలేదు."

"చెప్పాను, నువ్వు కేకు వంక చూస్తూ ఉండుంటావు. ఊదా రంగు పశ్చాత్తాపానికమ్మా. ప్రభువు వచ్చే ముందు మనిషి తన లోపల ఏముందో చూసుకోవాలి. మూడో ఆదివారం సంతోషానిది. అందుకని గులాబీ."

"రెండు ఆదివారాలు ఏడ్చి, మూడో ఆదివారం నవ్వాలన్నమాట."

"ఏడవకుండా మూడోదానికి పోలేవన్నమాట," అంది టీచరమ్మ.

మేస్త్రీ కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. ఆ చిన్న మంట తన మొహం మీదే పడుతున్నట్టు అనిపించింది. తల్లికి కనబడదని తెలిసీ మొహం పక్కకి తిప్పుకున్నాడు.

ఆ గురువారం పొద్దున్న భార్య అతనికి టిఫిను పెడుతూ, ఎన్నాళ్ళనుంచో దాచుకున్న సంతోషాన్ని బయటపెట్టింది.

"ఏమండీ, కోప్పడనంటే ఒకటి చెప్తాను."

"చెప్పకముందే కోప్పడాలా ఏంటి?"

"పెద్దది వస్తోంది. ఈ ఆదివారం."

అతని చెయ్యి కంచంలోనే ఆగింది.

"నేనే బతిమాలాను," అంది భార్య. "ఎనభై దాటిన మనిషి, నానమ్మ ఇంకెన్ని క్రిస్మసులు చూస్తుందో, వచ్చి నాన్నకి ఒక్క మాట చెప్పు అన్నాను. ముందు అదీ ఇదీ అంది. ఆఖరికి సరేనంది."

"ఏం సరేనంది?"

"మీకు క్షమాపణ చెప్తుంది."

"నాకా?"

"మరి నాకా? తప్పు చేసింది, చెప్తే తప్పేముంది. మీరు మాత్రం బిగుసుకుని కూర్చోకండి. పిల్ల తల వంచుకుని వస్తోంది, మీరూ కాస్త వంగండి. ఏంటలా చూస్తారు? మీరు క్షమించనంటే నేను ఊరుకోను, ముందే చెప్తున్నా."

మేస్త్రీ కంచం ముందునుంచి లేచాడు. "ఆకలి లేదు," అన్నాడు.

"ఇదిగో, ఈ పంతమే వద్దంటున్నా!" అని వెనకనుంచి భార్య కేక వేసింది.

ఆ మూడు రోజులూ అతనికి పని సాగలేదు. చెప్పేద్దామని భార్య దగ్గరికి రెండుసార్లు వెళ్ళాడు. ఒకసారి ఉప్పు డబ్బా ఎక్కడుందని అడిగి వచ్చాడు. ఇంకోసారి అది కూడా అడగలేదు. మరోపక్క వచ్చిన ఆలోచన ఇంకా నీచంగా ఉంది. పిల్ల ఎలాగూ చెప్తానంటోంది. చెప్పనీ. తలమీద చెయ్యి వేసి, పోనీలే అమ్మా అంటే సరి. ఇల్లు ఇల్లవుతుంది, ఎవరి పరువూ పోదు. అలా అనుకున్న మరుక్షణం తన చెయ్యి వంక చూసుకున్నాడు. ఆ చేత్తో దాని తల ఎలా ముట్టుకోవడం?

ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి పెద్దకూతురు గుమ్మంలో ఉంది. భుజాన సంచీ, చెప్పులు చేత్తో పట్టుకుని, పరాయి ఇంటికి వచ్చినట్టు. జుట్టు కత్తిరించుకుంది. ముంజేతి మీద నిప్పురవ్వల మచ్చలు కొత్తవి చేరాయి. చిన్నది పరుగెత్తి వాటేసుకుంది. తల్లి ఏడ్చి, ముక్కు చీది, "సగమయ్యావే" అని, లోపలికి లాక్కొచ్చింది.

టీచరమ్మ బల్ల దగ్గర సిద్ధంగా కూర్చుని ఉంది. ముందు కొమ్మలు, ఎర్ర పళ్ళు, కొవ్వొత్తులు. పక్కన మేస్త్రీ బుధవారం చేసిచ్చిన మూడో రింగు, దానిలోనూ ఆవిడ వేలికి అతుకు దొరికింది. పెద్దకూతురు ఒంగి నానమ్మ బుగ్గకి బుగ్గ ఆనించింది. ఆవిడ దాని చేతులు రెండూ తీసుకుని అరచేతుల్ని తిప్పి తిప్పి తడిమింది.

"కాయలు కాశాయే."

"పని ఎక్కువ నానమ్మా. బస్సులు."

"బస్సు వెనక వైపు కూడా చూస్తావా?"

"వెనకే ముందు చూస్తాను," అంది పిల్ల. నవ్వబోయి ఆపుకుంది.

తల్లి దాని భుజం మీద తట్టింది. "చెప్పమ్మా. నాన్న ఇక్కడే ఉన్నారు."

పెద్దకూతురు లేచి నిలబడింది. రెండు చేతులూ వెనక్కి కట్టుకుంది, సండే స్కూల్లో వాక్యం అప్పజెప్పే పిల్లలా. కళ్ళు నేలమీద ఉన్నాయి.

"నాన్నా, ఆ రెయిలింగు విషయంలో నేను..."

"ఆగు," అన్నాడు మేస్త్రీ.

"అదిగో, చెప్పనివ్వరు!" అంది భార్య.

"నువ్వూ ఆగు. దాన్ని ఆ మాట అననివ్వకు. ఆ మాట దానిది కాదు." అతని గొంతు ఇనుము రాసుకున్నట్టు వచ్చింది. "వెనక అతుకులు వెయ్యనిది నేను. టాకాలు వేసి వదిలేశాను. ఇది అడిగింది. అయ్యాయా నాన్నా అని అడిగింది. అయ్యాయన్నాను. ఇది నా మాట నమ్మి రంగు వేసింది. అంతే ఇది చేసిన తప్పు, నన్ను నమ్మడం."

చిన్నది అక్క చెయ్యి పట్టుకుంది.

భార్య మొహంలో రంగు పోయింది. "అంటే... రెండేళ్ళు... ప్రతి ఆదివారం ఫోన్లో నేను దాన్ని, తప్పు ఒప్పుకోవే, ఒప్పుకోవే అని... మీరు పక్కనే కూర్చుని పేపరు చదువుతూ..."

"చదవలేదు. పేపరు అడ్డం పెట్టుకున్నాను."

"ఛీ," అంది ఆవిడ. ముప్పై ఏళ్ళ కాపురంలో భర్తని ఆ మాట ఎప్పుడూ అనలేదు. పెద్దకూతురి వైపు తిరిగింది. "నువ్వైనా చెప్పొచ్చు కదే! నన్నెందుకే ఇంత పాపిష్టిదాన్ని చేశావు?"

"నాన్న చెప్తాడనుకున్నానమ్మా," అంది పిల్ల. "మొదటి రోజు చెప్తాడనుకున్నాను. తర్వాత వారం. తర్వాత అడగడానికే సిగ్గేసింది."

"నాకు తెలుసు," అంది టీచరమ్మ.

అందరూ ఆవిడ వైపు చూశారు.

"ఊడిన రెయిలింగుని తెచ్చి నీళ్ళ తొట్టి పక్కన ఆనించారు కదా. గోడ పట్టుకుని వెళ్తుంటే చేతికి తగిలింది. ముందు అతుకు, వెనక రెండు చుక్కలు. అది నా కొడుకు పని. నా మనవరాలు వెనక వైపు అలా వదలదు."

పెద్దకూతురు రెండడుగులు వెనక్కి వేసింది. అప్పటిదాకా లేని కోపం అప్పుడు వచ్చింది. "తెలిసి కూడా ఊరుకున్నావా నానమ్మా? నాన్నంటే సరే. నువ్వు కూడానా?"

టీచరమ్మ చేతులు బల్ల మీది కొమ్మల్ని వెతుక్కున్నాయి. ఒక ముళ్ళాకు వేలికి గుచ్చుకున్నా చెయ్యి తియ్యలేదు.

"ఊరుకున్నానమ్మా. వాడంతట వాడు చెప్తే బాగుంటుందని నాకు నేను చెప్పుకున్నాను. అది సాకు. కొడుకు కదా, నలుగురిలో తలవంపు అవుతుందని ఊరుకున్నాను. ముప్పై ఏళ్ళు పిల్లలకి ముళ్ళంటే ఏమిటో, నెత్తురంటే ఏమిటో పాఠం చెప్పాను. ఒకరి తప్పు ఇంకొకరు మోశారని చెప్పాను. నా ఇంట్లోనే ఒక పిల్ల మోస్తుంటే ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చున్నాను. వాడి చేత మూడు రింగులు చేయించాను గానీ, నోరు తెరిచి ఒక్క మాట అడగలేకపోయాను."

మేస్త్రీ కూతురి ముందుకి వచ్చాడు. ఏం చెయ్యాలో తెలియక చేతులు రెండూ చొక్కాకి తుడుచుకున్నాడు. "నాదే తప్పమ్మా," అన్నాడు.

ఆ మాటలు నోట్లోంచి రాగానే అవి పాతవేనని ఇద్దరికీ గుర్తొచ్చింది. పిల్ల కళ్ళు ఎత్తింది.

"ఈ మాట ఇంతకుముందు కూడా అన్నావు నాన్నా. నలుగురి ముందు."

"అవును."

"మరి ఇప్పుడూ నలుగురి ముందు అను."

భార్య "ఇప్పుడా? భోజనాల వేళ..." అనబోయి తనే ఆగిపోయింది. మేస్త్రీ అప్పటికే చెప్పులు వేసుకుంటున్నాడు, పెద్దకూతురు వెనకే బయల్దేరింది.

మందుల షాపు ఆదివారం మధ్యాహ్నం దాకా తీసే ఉంటుంది. గల్లాపెట్టె దగ్గర ఆయన, మందుల కోసం ముగ్గురు మనుషులు. వాళ్ళు వెళ్ళేదాకా మేస్త్రీ ఆగలేదు. ఆగితే మళ్ళీ ఉప్పు డబ్బా అడుగుతానని అతనికి తెలుసు. నిలబడి, మొత్తం చెప్పాడు. ఒక ముసలాయన చీటీ చేత్తో పట్టుకుని నోరు తెరుచుకుని విన్నాడు.

మందుల షాపాయన సరిగ్గా వంగని మోచేతిని బల్ల మీద ఆనించాడు. "తర్వాత ఉచితంగా వేసిచ్చావు చూడు, ఆ కొత్త రెయిలింగు. దాని వెనక?"

"పూర్తిగా అతికానండీ. మూడుసార్లు వచ్చి చూసుకున్నాను."

"మూడుసార్లు వచ్చినవాడివి, ఒకసారైనా లోపలికొచ్చి చెప్పలేకపోయావా?" అన్నాడాయన. గుమ్మం బయట నిలబడ్డ పిల్ల వైపు తిరిగాడు. "అమ్మా, నువ్వు వెళ్ళేముందు బస్టాండులో ఎదురుపడితే మొహం తిప్పుకున్నాను. గుర్తుందా?"

"గుర్తుంది అంకుల్."

"నాకూ గుర్తుంది," అని ఆయన తల దించుకుని మాత్రల అట్ట లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. పెదాలు కదులుతున్నాయి గానీ లెక్క సాగడం లేదు.

తిరిగి వచ్చేటప్పుడు వీధి మలుపులో అతను, "నువ్వు అతికిన రింగు పోయిందని ఇంట్లో చెప్పాను. పోలేదు, నేనే పాత ఇనుము బండివాడికి అమ్మేశాను," అన్నాడు. ఇంకా ఏమైనా మిగిలి ఉందేమోనని తనలో తాను వెతుక్కుంటున్నట్టు నడిచాడు.

"ఎంతకి కొన్నాడు?"

"టీకి కూడా రాలేదు."

పిల్ల పెదవి చివర కదిలింది. "నష్టానికి అమ్మావు నాన్నా," అంది.

ఇంటికి పోకుండా తిన్నగా షెడ్డులోకి వెళ్ళింది. మేకుకి ఉన్న గ్లౌజులు తీసి దులిపింది. దుమ్ము లేచింది. మేస్త్రీ పక్కకి జరిగి చోటిచ్చాడు. పిల్ల వాటిని తొడుక్కోలేదు. తెచ్చి తండ్రి చేతిలో పెట్టింది.

"నువ్వే అతుకు. నేను చూస్తాను."

కొత్త చువ్వని గుండ్రంగా వంచాడు. ఆ చిన్న గ్లౌజులు అతని చేతులకి బిగుసుకున్నాయి, అయినా తియ్యలేదు. ముందు అతికాడు. తిప్పి వెనక అతికాడు. అతుకు మీద పేరుకున్న పెంకు కొట్టి చూపించాడు. "ఇక్కడ గుంట ఉంది," అంది కూతురు. మళ్ళీ నింపాడు. గ్రైండరు పట్టాడు, ఆకురాయి పట్టాడు. "లోపలి అంచు," అంది. లోపలి అంచు రుద్దాడు. చెమట కళ్ళల్లో పడుతోంది, చెమట ఒక్కటే కాదు. పిల్ల చూసీ చూడనట్టు గుడ్డ అందించింది.

భోజనాల వేళ ఎప్పుడో దాటిపోయింది. ఎవరూ తినలేదు. రింగు తెచ్చి టీచరమ్మ చేతుల్లో పెట్టారు.

ఆవిడ వేలు బయల్దేరింది. ఒక చుట్టు వచ్చింది. లోపలి వైపు ఒక చుట్టు. మళ్ళీ బయట. కళ్ళు మూసుకుంది, చూపు ఉన్న రోజుల్లో ధ్యాసగా వినేటప్పుడు మూసుకున్నట్టే.

"మొదలు దొరకట్లేదర్రా," అంది. "ఎవరు అతికారు?"

"నాన్న," అంది పెద్దకూతురు.

చిన్నది కొమ్మలు అందించింది. తల్లి దారం తుంచి ఇచ్చింది, భర్త మొహం మాత్రం ఇంకా చూడలేదు. అది ఈ పూటతో అయ్యేది కాదని అతనికి తెలుసు. ముళ్ళాకులు గుచ్చారు, ఎర్ర పళ్ళు గుచ్చారు. ఊదావి రెండూ వెలిగించాక చిన్నది అగ్గిపెట్టె అక్కకి ఇచ్చింది. పెద్దకూతురు దాన్ని తండ్రి ముందు పెట్టింది.

మేస్త్రీ గులాబీ రంగు కొవ్వొత్తి వెలిగించాడు. వెలిగిస్తూ, ఆకుల కిందకి వేలు పోనిచ్చి, ఇనుము మీద తను అతికిన చోట ఆపాడు. తల్లి వేలికి దొరకని చోటు అతనికి దొరికింది. అది అతనికి ఎప్పటికీ దొరుకుతుంది.

కూతురు చూసింది. ఆకుల కింద దాని వేలు కూడా వచ్చి అతని వేలి పక్కన ఆగింది.